స్టెంటు వేసిన తర్వాత: రక్తాన్ని గడ్డకట్టనివ్వని మందులు, వాటి దుష్ఫలితాలు, రోగి–వైద్యుల ఉమ్మడి నిర్ణయం

గుండె ధమనిలో స్టెంటు అమర్చే ప్రక్రియ చాలామందిలో గంట లోపే ముగుస్తుంది. ఆ స్టెంటు మూసుకుపోకుండా కాపాడే చికిత్స మాత్రం నెలల తరబడి, ఒక మందు విషయంలో తరచుగా జీవితాంతం, రోగి ఇంట్లోనే, రోగి చేతుల మీదుగానే సాగుతుంది. ఆ రెండవ చికిత్సలో ఎదురయ్యే ఇబ్బందులు ఈ స్మారకోపన్యాసానికి విషయం. ఒక మహనీయుని స్మరణలో జరిగే ఉపన్యాసం నిపుణుల మధ్య నిలిచిపోయిన జ్ఞానాన్ని ఇంటింటికీ చేర్చినప్పుడే సార్థకమవుతుంది గనుక, ఇక్కడ శాస్త్ర విషయాలతోపాటు రోగికీ కుటుంబానికీ నిత్యం అక్కరకు వచ్చే వివరాలకు కూడా సమాన స్థానం దక్కింది. మొత్తం చర్చకు ఆధారమైన ప్రతిపాదన ఒక్కటే: ఈ మందుల దుష్ఫలితాలలో చాలావాటికి పరిష్కారం ఉంది, అయితే ఆ పరిష్కారాన్ని రోగి ఒంటరిగా వెతుక్కుంటే ప్రాణాపాయం, వైద్యునితో కలిసి వెతుక్కుంటే క్షేమం.

1. ఈ మందులు ఎందుకు అవసరమయ్యాయి

1977 సెప్టెంబరు 16న స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరంలో ఆండ్రియాస్ గ్రున్‌జిగ్ అనే వైద్యుడు, ఇరుకైన గుండె ధమనిలోకి సన్నని గొట్టం ద్వారా బెలూన్ పంపి, దానిని ఉబ్బించి రక్తమార్గాన్ని వెడల్పు చేశాడు. బెలూన్ ఆంజియోప్లాస్టీ అనే ఈ పద్ధతిలో వెడల్పు చేసిన ధమని కొందరిలో వెంటనే మూసుకుపోవడం, మరికొందరిలో కొన్ని నెలలకు మళ్లీ ఇరుకుకావడం కనిపించడంతో, ధమని గోడను లోపలి నుంచి ఆసరాగా పట్టి ఉంచే లోహపు జాలిగొట్టం, అంటే స్టెంటు, రూపుదిద్దుకుంది. 1986లో ఫ్రాన్సులోని తులూజ్‌లో జాక్ ప్యూయెల్, స్విట్జర్లాండులోని లోజాన్‌లో ఉల్రిక్ సిగ్‌వార్ట్ మానవుల గుండె ధమనులలో స్టెంట్లను మొదటిసారిగా అమర్చారు.

అయితే శరీరానికి స్టెంటు పరాయి వస్తువు. రక్తంలోని ప్లేట్‌లెట్లు, అంటే గాయమైన చోట ముందుగా చేరి గడ్డకు పునాది వేసే సూక్ష్మ కణాలు, ఆ లోహాన్ని గాయంగానే భావించి దాని మీద పేరుకుంటాయి. తొలినాళ్లలో దీనిని ఆపడానికి ఆస్పిరిన్, డైపిరిడమోల్, డెక్స్‌ట్రాన్, హెపారిన్, వార్ఫరిన్ వంటి మందులను కలిపి ఇచ్చినా స్టెంటులో గడ్డలు పూర్తిగా ఆగలేదు, రోగులకు రక్తస్రావం మాత్రం విపరీతంగా పెరిగింది. స్టెంటును ధమని గోడకు పూర్తిగా ఆనుకునేలా విప్పితే వార్ఫరిన్ వంటి మందులు అవసరం లేదని 1995లో ఇటలీ వైద్యుడు ఆంటోనియో కొలంబో బృందం చూపించింది. 1998లో వెలువడిన స్టార్స్ పరిశోధనలో, స్టెంటు వేసిన 30 రోజుల లోపు తీవ్రమైన విఘాతాలు ఆస్పిరిన్ ఒక్కటే వాడినవారిలో 3.6 శాతం, ఆస్పిరిన్–వార్ఫరిన్ వాడినవారిలో 2.7 శాతం ఉండగా, ప్లేట్‌లెట్ల మీద పనిచేసే రెండు మందులను, అంటే ఆస్పిరిన్, టిక్లోపిడిన్‌లను కలిపి వాడినవారిలో 0.5 శాతానికి తగ్గాయి. తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గించే గుణం ఉన్న టిక్లోపిడిన్ స్థానంలోకి తర్వాత క్లోపిడోగ్రెల్ వచ్చింది. నేడు ప్రపంచమంతటా అమలులో ఉన్న జంట మాత్రల విధానం ఇలా, ఒక దుష్ఫలితాన్ని తప్పించుకునే ప్రయత్నంలో మరొక మందును అన్వేషిస్తూ స్థిరపడింది.

తెలుగునాట కూడా ఈ చికిత్సకు చెప్పుకోదగిన చరిత్ర ఉంది. 1990ల దశకంలో హైదరాబాదులో ఏ.పి.జె. అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణుడు సోమరాజు కలిసి తక్కువ ధరలో కలాం–రాజు స్టెంటును రూపొందించారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేద కుటుంబాలకు గుండె చికిత్సను అందుబాటులోకి తెచ్చింది. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ మామూలు లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు, మందు పూత ఉన్న స్టెంటుకు 29,600 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది. స్టెంటు ఇలా సామాన్యునికి అందుతున్న కొద్దీ, దాని తర్వాత వాడే మాత్రల గురించిన అవగాహన కూడా సామాన్యునికి అందవలసిన అవసరం పెరిగింది.

2. మందులు పనిచేసే తీరు

వాడుకలో వీటిని రక్తం పలచబడే మందులని అంటారు గానీ, వీటి వల్ల రక్తం చిక్కదనం మారదు. గడ్డకట్టే స్వభావం మాత్రమే తగ్గుతుంది. ఇవి రెండు తెగలు. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చేసేవి మొదటి తెగ: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, ప్రసుగ్రెల్, టికాగ్రెలార్. రక్తంలోని గడ్డకట్టే ప్రోటీన్ల మీద పనిచేసేవి రెండవ తెగ: వార్ఫరిన్, అసినోకౌమరాల్, అపిక్సబాన్ వంటివి. స్టెంటు వేసినవారికి ప్రధానంగా మొదటి తెగ మందులే అవసరం. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వంటి మరో జబ్బు ఉన్నప్పుడు మాత్రమే రెండవ తెగ మందు తోడవుతుంది. ఈ తేడా తెలియకపోవడం వల్ల ఎందరో ఆకుకూరలు మానేస్తున్నారు. గోంగూర, తోటకూర, పాలకూర వంటివాటిలోని విటమిన్ కె, వార్ఫరిన్, అసినోకౌమరాల్‌ల బలాన్ని మార్చగలదు గనుక అవి వాడేవారు ఆకుకూరలను రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ వాడేవారికి ఆ నియమంతో పని లేదు.

ఆస్పిరిన్ ప్లేట్‌లెట్‌లోని ఒక ఎంజైమును శాశ్వతంగా పనిచేయనివ్వకుండా చేస్తుంది. ప్లేట్‌లెట్ ఆయుష్షు 7 నుంచి 10 రోజులు గనుక, ఒక్క మాత్ర ప్రభావం కూడా కొత్త ప్లేట్‌లెట్లు పుట్టుకొచ్చేదాకా క్రమంగా తగ్గుతూ కొనసాగుతుంది. ఈ పనికి రోజుకు 75 నుంచి 100 మిల్లీగ్రాములు చాలునని, 300 మిల్లీగ్రాములు వాడితే అదనపు లాభం లేకపోగా కడుపులో రక్తస్రావం పెరుగుతుందని 2010లో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. మిగతా మూడు మందులూ ఏడీపీ అనే రసాయనం ప్లేట్‌లెట్‌ను ఉత్తేజపరిచే ద్వారాన్ని మూసివేస్తాయి. ఏడీపీకి దగ్గరి బంధువైన ఏటీపీ అణువు ఆ ద్వారాన్ని సహజంగానే అడ్డుకుంటుందని గమనించిన శాస్త్రవేత్తలు, ఏటీపీ నిర్మాణాన్ని ప్రారంభ బిందువుగా తీసుకుని చేసిన మార్పుల నుంచి టికాగ్రెలార్‌ను సాధించారు. 1929లో కండరాలలో ఏటీపీని గుర్తించినవారిలో, హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేసిన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు కావడం తెలుగువారు స్మరించుకోదగిన విషయం.

3. మధ్యలో ఆపితే ఏమవుతుంది

స్టెంటు లోహాన్ని ధమని లోపలి కణపొర కప్పేవరకు గడ్డ కట్టే ప్రమాదం ఎక్కువగా ఉంటుంది. మందు పూత ఉన్న స్టెంట్లలో ఆ పూత ధమని మళ్లీ ఇరుకుకాకుండా కాపాడుతూనే, కణపొర పెరుగుదలను కూడా నెమ్మదింపజేస్తుంది. స్టెంటులో హఠాత్తుగా గడ్డ కడితే, ఆ ధమని మీద ఆధారపడిన గుండె కండరమంతా ఒకేసారి రక్తం కోల్పోతుంది. 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఇటువంటి గడ్డకు లోనైనవారిలో 45 శాతం మంది మరణించారు. మందులను ముందుగా ఆపివేయడమే ఆ గడ్డకు అన్నిటికన్నా బలమైన కారణమని తేలింది.

2013లో వెలువడిన పారిస్ పరిశీలన ఈ విషయంలో మరింత సూక్ష్మమైన పాఠం నేర్పింది. స్టెంటు వేయించుకున్న 5,018 మందిని రెండేళ్లపాటు గమనించిన ఆ పరిశోధకులు, మందు ఆపడాన్ని మూడు రకాలుగా విడదీశారు: వైద్యుని నిర్ణయంతో ఆపడం, శస్త్రచికిత్స వంటి అవసరానికి కొద్ది రోజులు నిలిపి మళ్లీ మొదలుపెట్టడం, రక్తస్రావం వల్లనో అశ్రద్ధ వల్లనో మందు తెగిపోవడం. మూడవ రకంలో తొలి 7 రోజులలో గుండె విఘాతాల ప్రమాదం దాదాపు ఏడు రెట్లు ఉండగా, వైద్యుని నిర్ణయంతో ఆపినవారిలో ప్రమాదం పెరగలేదు. వైద్యులు సాధారణంగా తక్కువ ప్రమాదం ఉన్నవారికే మందు ఆపుతారు గనుక ఈ అంకెల తేడా మొత్తాన్నీ వైద్యుని సలహాకే ఆపాదించడం సరికాదు. అయినప్పటికీ మందు ఎవరు, ఎప్పుడు, ఏ ఏర్పాటుతో ఆపారన్నదాని మీదే ఫలితం ఆధారపడి ఉందని ఆ పరిశీలన స్పష్టం చేసింది.

4. రక్తస్రావం: చిన్నది, పెద్దది, కనబడనిది

ఈ మందుల ప్రధాన దుష్ఫలితం రక్తస్రావం. అది వాటి గుణానికి అవతలి వైపే. చేతుల మీద కమిలిన మచ్చలు, పళ్లు తోముకున్నప్పుడు చిగుళ్ల నుంచి రక్తం, గడ్డం గీసుకున్నప్పుడు ఆలస్యంగా ఆగే గాటు, అప్పుడప్పుడు ముక్కు నుంచి రక్తం వంటివి చిన్న రక్తస్రావాలు. వీటి వల్ల ప్రాణానికి ముప్పు లేకపోయినా రోగి భయపడి మాత్రలు మానేయడానికి ఇవే తరచుగా దారితీస్తాయి గనుక, వైద్యుడు వీటిని చిన్నవని కొట్టిపారేయకూడదు. మెత్తని బ్రష్షు, విద్యుత్ రేజరు వాడడం, గాటు పడినప్పుడు శుభ్రమైన గుడ్డతో మధ్యలో తీసి చూడకుండా పది నిమిషాలు గట్టిగా అదిమిపట్టడం, ముక్కు నుంచి రక్తం కారినప్పుడు తల వెనక్కి వాల్చకుండా ముందుకు వంగి కూర్చుని ముక్కు మెత్తని భాగాన్ని పది పదిహేను నిమిషాలు నొక్కి ఉంచడం వంటి జాగ్రత్తలతో వీటిలో చాలావాటిని ఇంట్లోనే అదుపు చేయవచ్చు.

ఇందుకు భిన్నంగా, తారులాగా నల్లగా జిగటగా వచ్చే విరేచనం, రక్తపు వాంతి, ఎర్రని మూత్రం, ఒత్తిపట్టినా ఆగని రక్తం, తలకు దెబ్బ తగిలిన తర్వాత తలనొప్పి, వాంతులు లేదా మత్తు, హఠాత్తుగా మాట తడబడడం లేదా ఒక చెయ్యి, కాలు పడిపోవడం అత్యవసర లక్షణాలు. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా 108 వాహనంలోనైనా పెద్దాసుపత్రికి చేరాలి. ద్విచక్ర వాహనం మీద వెళ్లేవారికి హెల్మెట్ ఈ మందులు వాడే కాలంలో మరింత ముఖ్యం. మలంలో రక్తం కనిపిస్తే మొలలేనని తమకు తామే తేల్చుకుని ఊరుకోవడం కూడా ప్రమాదకరం. మొలల మాటున పేగులోని మరో జబ్బు దాగి ఉండవచ్చు.

కనబడని రక్తస్రావం మూడవది. కడుపులోని పుండు నుంచి రోజూ కొద్దికొద్దిగా కారే రక్తం కంటికి కనబడకుండానే రోగిని నీరసపరచి, ఆయాసపెట్టి, చివరకు గుండెకే భారమవుతుంది. రక్తస్రావం ముప్పు ఎక్కువగా ఉన్నవారిని గుర్తించడానికి 2019లో అంతర్జాతీయ నిపుణులు రూపొందించిన ప్రమాణాలలో, హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తక్కువ ఉండడం ఒక్కటే ఆ ముప్పును నిర్ధారించడానికి చాలిన పెద్ద లక్షణం. రక్తహీనత విస్తారంగా ఉన్న మన సమాజంలో, ముఖ్యంగా స్త్రీలలో, స్టెంటు వేసే ముందూ తర్వాతా హిమోగ్లోబిన్ పరీక్ష తప్పనిసరి కావాలి. నెలసరి ఇంకా ఆగని స్త్రీలకు ఈ మందులతో అధిక రక్తస్రావం కావచ్చు. సిగ్గుపడి ఆ మాట దాచుకునే పరిస్థితి రాకుండా వైద్యుడే ముందుగా అడగడం మర్యాద, బాధ్యత కూడా.

కడుపును కాపాడుకోవడానికి నిరూపితమైన మార్గం, ఆమ్లాన్ని తగ్గించే ప్రోటాన్ పంప్ నిరోధకాలు, అంటే జనం గ్యాస్ మాత్రలని పిలిచే పాంటప్రజోల్ వంటి మందులు. జంట మాత్రలు వాడేవారిలో ఈ రకపు మందు కడుపులో రక్తస్రావాన్ని గణనీయంగా తగ్గిస్తుందని 2010లో వచ్చిన కోజెంట్ పరిశోధన చూపింది. క్లోపిడోగ్రెల్ కాలేయంలో మార్పు చెందిన తర్వాతే పనిచేస్తుంది. ఆ మార్పుకు తోడ్పడే ఎంజైమును ఒమెప్రజోల్ అడ్డుకుంటుంది గనుక, క్లోపిడోగ్రెల్ వాడేవారికి వైద్యులు ఎక్కువగా పాంటప్రజోల్‌నే ఎంచుకుంటారు. పై పూత ఉన్న ఆస్పిరిన్ వాడితే పుండు పడదనే నమ్మకం సరైనది కాదు, ఎందుకంటే ఆస్పిరిన్ హాని ప్రధానంగా రక్తంలో కలిసిన తర్వాతే జరుగుతుంది. పుండు చరిత్ర ఉన్నవారిలో హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవిని పరీక్షించి నిర్మూలించడం మరొక రక్షణ.

5. టికాగ్రెలార్ తెచ్చే ఆయాసం

గుండెపోటు తర్వాత స్టెంటు వేసినవారికి తరచుగా ఇచ్చే టికాగ్రెలార్‌కు ఒక విచిత్రమైన దుష్ఫలితం ఉంది. 2009లో వెలువడిన ప్లేటో పరిశోధనలో ఈ మందు వాడినవారిలో 13.8 శాతం మందికి, క్లోపిడోగ్రెల్ వాడినవారిలో 7.8 శాతం మందికి ఆయాసం వచ్చింది. శరీరంలో ఎడినోసిన్ అనే పదార్థం పేరుకోవడం దీనికి కారణమని భావిస్తున్నారు. చాలామందిలో ఇది తొలి రోజులలోనే మొదలై, తేలికగా ఉండి, తనంతట తానే తగ్గిపోతుంది. ఊపిరితిత్తుల పనితీరును దెబ్బతీయదు. గుండెపోటు నుంచి అప్పుడే బయటపడిన మనిషికి ఊపిరి ఆడనట్లు అనిపిస్తే మళ్లీ గుండె దెబ్బతిన్నదనే భయం కలగడం సహజం గనుక, ఈ సంగతి ఆసుపత్రి నుంచి పంపేటప్పుడే చెప్పాలి. అదే సమయంలో ప్రతి ఆయాసాన్నీ మాత్ర మీదకే నెట్టకూడదు. గుండె బలహీనత, రక్తహీనత, కొత్తగా మూసుకుంటున్న ధమని కాదని పరీక్షించి తేల్చుకున్న తర్వాతే మందును కారణంగా ఎంచాలి. ఆయాసం భరించలేనంతగా ఉంటే వైద్యుడు తగిన తొలి మోతాదుతో క్లోపిడోగ్రెల్‌కు మార్చగలడు. టికాగ్రెలార్ ప్రభావం కొద్ది రోజులలోనే తొలగిపోతుంది గనుక, బదులుగా వాడే మందు చేతిలో లేకుండా దీనిని ఆపడం మరీ ప్రమాదకరం.

6. నిత్య జీవితంలో ఎదురయ్యే సందర్భాలు

మోకాళ్ల నొప్పికో నడుం నొప్పికో మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు ఈ రోగులకు పెద్ద శత్రువులు. ఇవి కడుపులో పుండ్లను పెంచుతాయి, ఐబూప్రొఫెన్ అయితే ఆస్పిరిన్ పనికి కూడా అడ్డు తగులుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ చేత నడుముకు వేయించుకునే నొప్పి ఇంజక్షను ఈ హానికి తోడు కండరంలో రక్తపు గడ్డను కూడా తేగలదు. నొప్పికీ జ్వరానికీ తగిన మోతాదులో పారాసెటమాల్ మేలైనది. డెంగీ వంటి జ్వరాలలో ప్లేట్‌లెట్ల సంఖ్య పడిపోతుంది గనుక, వర్షాకాలంలో జ్వరం వచ్చిన స్టెంటు రోగి తొలి రోజుల్లోనే రక్తపరీక్ష చేయించుకోవాలి. ఏ మాత్రను, ఎన్ని రోజులు నిలపాలన్నది ప్లేట్‌లెట్ల సంఖ్యనూ స్టెంటు వయసునూ తూచి హృద్రోగ వైద్యుడే నిర్ణయించాలి.

పన్ను తీయించుకునే ముందు మాత్రలు ఆపాలనే అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. నిజానికి సాధారణమైన పన్ను తీతకు ఈ మందులను ఆపనవసరం లేదు. ఒత్తిడి, కుట్టు, ట్రానెక్సమిక్ ఆమ్లం కలిపిన పుక్కిలి మందు వంటివాటితో దంతవైద్యుడు రక్తాన్ని ఆపగలడు. వాయిదా వేయగలిగిన పెద్ద శస్త్రచికిత్సలను స్టెంటు వేసిన తొలి నెలలు గడిచేవరకు వాయిదా వేయాలి. తప్పనిసరైనప్పుడు సాధారణంగా ఆస్పిరిన్‌ను కొనసాగిస్తూ, క్లోపిడోగ్రెల్‌ను 5 రోజుల ముందు, ప్రసుగ్రెల్‌ను 7 రోజుల ముందు, టికాగ్రెలార్‌ను 3 నుంచి 5 రోజుల ముందు నిలుపుతారు. ఈ నిర్ణయంలో శస్త్రవైద్యుడు, హృద్రోగ వైద్యుడు ఇద్దరూ మాట్లాడుకోవాలి.

మన దేశంలో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ కలిపిన మిశ్రమ మాత్రలు విరివిగా దొరుకుతాయి. వీటి వల్ల మాత్రల సంఖ్య తగ్గుతుంది గానీ, లోపల ఏముందో తెలియని రోగి వేరుగా మరో ఆస్పిరిన్ కూడా వేసుకోవడం, లేదా కడుపు మంటకు ఒక్క మాత్ర ఆపాననుకుని మూడు మందులనూ ఒకేసారి ఆపడం జరగవచ్చు. విదేశాలలోని పిల్లల దగ్గరకు నెలల తరబడి వెళ్లే తల్లిదండ్రులు కూడా పూర్తి కాలానికి సరిపడే మందులు, వాటి రసాయన నామాలు రాసిన చీటీ వెంట ఉంచుకోవాలి.

7. చికిత్సను సవరించే మార్గాలు

ఒకప్పుడు అందరికీ ఒకే గడువు విధించేవారు. నేడు ఆ గడువు రోగిని బట్టి మారుతోంది. గుండెపోటు తర్వాత స్టెంటు వేసినవారికి సాధారణంగా 12 నెలలు, గుండెపోటు లేకుండా వేసినవారికి 6 నెలలు జంట మాత్రలు ఇస్తారు. రక్తస్రావం ముప్పు ఎక్కువగా ఉన్నవారికి ఒకటి నుంచి మూడు నెలలకు కుదించడం సాధ్యమని 2021లో వచ్చిన మాస్టర్ డాప్ట్ వంటి పరిశోధనలు చూపాయి. మూడు నెలల తర్వాత ఆస్పిరిన్‌ను ఆపి టికాగ్రెలార్ ఒక్కటే కొనసాగిస్తే, ఎంపిక చేసిన రోగులలో గుండె విఘాతాలు పెరగకుండానే రక్తస్రావం తగ్గిందని 2019లో ట్వైలైట్ పరిశోధన తెలిపింది. తొలి నెల తర్వాత టికాగ్రెలార్ నుంచి తేలికైన క్లోపిడోగ్రెల్‌కు మారడం మరొక మార్గం. అయితే క్లోపిడోగ్రెల్‌ను చైతన్యపరిచే ఎంజైము జన్యుపరంగా మందగించినవారు దక్షిణాసియా ప్రజలలో గణనీయంగా ఉన్నారు గనుక, ఈ మార్పును కూడా వైద్యుడు ఆలోచించి చేయాలి. 75 ఏళ్లు దాటినవారిలో, 60 కిలోల కన్నా తక్కువ బరువున్నవారిలో ప్రసుగ్రెల్ రక్తస్రావాన్ని మరింత పెంచుతుంది. గతంలో పక్షవాతం వచ్చినవారికి అది నిషిద్ధం.

మందు మార్చడం, మోతాదు సవరించడం, గడువు కుదించడం, కడుపు రక్షణ చేర్చడం, రక్తహీనతను సరిదిద్దడం అనే ఇన్ని దారులు ఉండగా, చెప్పుకోలేక మాత్ర మానేసి ప్రాణం మీదకు తెచ్చుకోవడం నివారించగల విషాదం. ఆ విషాదానికి రోగిని మాత్రమే బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు. కిక్కిరిసిన ఓపీలో రెండు నిమిషాల సంభాషణ, చదవలేని భాషలో చేతికందిన డిశ్చార్జి పత్రం కూడా అందులో భాగస్వాములే.

అందువల్ల స్టెంటు వేసే ప్రతి ఆసుపత్రి రోగికి తెలుగులో ఒక పుట పత్రం ఇవ్వాలి. స్టెంటు వేసిన తేదీ, ఏ ధమనిలో వేశారు, ఏ మందు ఏ తేదీ వరకు వాడాలి, ఏ లక్షణానికి ఇంట్లో ఏమి చేయాలి, ఏ లక్షణానికి ఆసుపత్రికి పరుగెత్తాలి, సందేహం వస్తే ఏ నంబరుకు ఫోను చేయాలి అనే వివరాలు అందులో ఉండాలి. రోగి ఆ పత్రాన్ని దంతవైద్యునికీ, ఊరి వైద్యునికీ, మందుల దుకాణదారునికీ చూపించాలి. కుటుంబ సభ్యులు మాత్రలు వేసుకున్నారా అని అడగడంతోపాటు, వేసుకున్నాక ఒంట్లో ఎలా ఉందని కూడా అడగాలి. స్టెంటు వేయించుకున్న ప్రతి ఒక్కరికీ ఈ ఉపన్యాసం చేసే విన్నపం ఇదే: మందు ఇబ్బంది పెడితే ఆ మాట అదే రోజు వైద్యునికి చెప్పండి, ఆయన చెప్పేవరకు మాత్ర ఆపకండి.